కుడివైపు ఖాళీ

కురెస్సారె రేవు ఆఫీసులో
పడవల పట్టీని సి.ఎస్.వి.లోకి దించుతున్నాను.
శుక్రవారంలోగా టాలిన్ చేరాలి.
కిటికీ అవతల సముద్రం సగం గడ్డకట్టి
ఎటూ తేల్చుకోలేక ఉంది.

పాత డేటాబేస్ ప్రతి పేరుకూ ముప్పై గళ్ళు కొలిచి ఇచ్చేది.
‘తోర్మిలింద్’కీ ముప్పయ్యే,
‘లుయిక్’ అనే బుల్లి పడవకీ ముప్పయ్యే.
అన్న చొక్కా తొడుక్కున్న బుడతడిలా
మిగిలిన గళ్ళన్నీ వేలాడేసుకుని నిలబడేది పేరు.
చివరి అక్షరం నుంచి కామా దాకా
ఎంత నడక!

ట్రిమ్ అని రాశాను.
మూడువేల చిల్లర పేర్లు
ఒక్కసారిగా చేతులు పైకి మడుచుకున్నాయి.
ఫైలు సగానికి సగం చిక్కింది.

అచ్చుకి ముందు ఎందుకో పాత వరుసలు మళ్ళీ తిరగేశాను.
తొంభై నాలుగు తర్వాత ఎక్కించినవాటికి
గళ్ళ కొలతే లేదు, ఎంత పేరుకు అంతే చోటు.
అక్కడ కూడా పదకొండు పేర్ల చివర
ఒక్కో స్పేస్.
ఒక్కటే.
కంటికి ఆనదు. కర్సర్ మాత్రం
ఆఖరి అక్షరం దాటి ఇంకో అడుగు వేసి ఆగుతుంది.

మునిగిన పడవలేమో అనుకున్నాను.
మనిషిని కదా, ఖాళీ కనబడితే చావే గుర్తొస్తుంది.

హెల్వె తూలిక్‌ని అడిగాను.
ఇరవై ఆరేళ్ళు ఈ కుర్చీలోనే టైపు చేసి
ఇప్పుడు బజారులో పొగబెట్టిన చేపలమ్ముతోంది.
కాగితం చూసి పకపకా నవ్వింది.
“మునగడమేమిటి! వీళ్ళు రేవు అద్దె కట్టలేనివాళ్ళు.
జరిమానా పట్టీలో పేరుకు పేరు సరిపోతేనే
నోటీసు అచ్చయ్యేది.
పేరు వెనక బొటనవేలు ఒకసారి ఆనిస్తే చాలు,
యంత్రానికి అది వేరే పడవ.
ఆ రెండేళ్ళూ చేపే పడలేదు మరి.”
తూచి ఇచ్చిన పొట్లంలోకి
ఇంకో చిన్న చేప జారవిడిచింది,
తక్కెడ వైపు చూడకుండా.

తిరిగొచ్చి చాలాసేపు కూర్చున్నాను.
ట్రిమ్ నడిస్తే పదకొండు బాకీలు
వడ్డీతో సహా నిద్ర లేస్తాయి.
అందులో ‘కాయకస్’ మా మామయ్యది.
ఆయన పోయి ఆరేళ్ళు.

ఆ పదకొండు పేర్లకు మాత్రం ట్రిమ్ ఆపేసి
అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టాను,
స్పేస్ ఒలికిపోకుండా దోసిలి పట్టినట్టు.

సోమవారం టాలిన్ నుంచి కాయ్ద్రీ ఫోను:
“కొన్ని పేర్ల చివర ఏదో మిగిలిపోయింది, పొరపాటా?”
“కాదు, కొసరు” అన్నాను.

ఆమె ఏం చేస్తుందో తెలీదు.
కీబోర్డు మీద పొడుగాటి మీట ఒక్కటే
ఇంకా పొగచేప వాసన.