తోయి, వదులు

వాగుర్ రేవులో పడవల కొట్టం.
బయట ఫిబ్రవరి, ఐదింటికే చీకటి.
లోపల తారు వాసన, తడి ఉన్ని వాసన,
ఒక్క హీటరు, ఆరుగురు ఆడవాళ్ళం.

మార్యున్ చేపల పెట్టె ఒకటి బోర్లించి
దాని మీద చెక్క స్కేలు మేకు కొట్టింది.
"కాళ్ళు చాచి కూర్చోండి. మోకాలు లేవకూడదు.
వంగి ఎంత అందితే అంత."
నాకు కాలివేళ్ళకి
తొమ్మిది సెంటీమీటర్ల ఇవతలే లోకం ఆగిపోయింది.

ముప్పై ఏళ్ళు చేపలు కోసే బల్ల ముందు నిలబడ్డ కాళ్ళు.
తొడల వెనక కండరాలు ఉప్పుకి ఎండిన మోకుల్లా బిగిసి
నడుముని వంగనీయవు.
నడుము వంగకపోతే తెడ్డు ముందుకి పోదు.
తెడ్డు పోని ఆ తొమ్మిదీ
జులై పందెంలో పక్క ఊరివాళ్ళు పట్టుకుపోతారు.

నిరుడు పట్టుకుపోయారు కూడా.

ఆరు వారాలకి మమ్మల్ని జంటలు చేసింది.
సోల్‌రూన్, రన్వా: పట్టి ఉంచడం.
మడమ బల్ల మీద, వీపు నిటారు,
తుంటి దగ్గర వంగి ముప్పై అంకెలు, ఊపిరి బిగపట్టకుండా.
"ఇది వ్యాయామమా, ప్రార్థనా?" అంటుంది సోల్‌రూన్,
ఇరవై దగ్గర రోజూ లెక్క తప్పుతూ.

తూరి, దాని చెల్లెలు బైన్‌తా: ఊపడం.
గోడ పట్టుకుని కాలు ముందుకీ వెనక్కీ
చర్చి గంట నాలుకలా.
పది నిమిషాలకే బుగ్గల్లో రంగు,
మమ్మల్ని చూసి ఒకటే నవ్వు.

నేనూ బెర్గ్‌తోరా మిగిలాం.
కావాలనే మిగిల్చింది.
గొర్రెల కంచె గొడవ దగ్గర్నుంచి
పదకొండేళ్ళుగా మా ఇళ్ళ మధ్య
గుప్పెడు ఉప్పు చేబదులు లేదు.
పడవలో నా ముందు బల్ల ఆమెది.
ఆమె వీపుతోనే నాకు పరిచయం.

మా పద్ధతి ఒక్కరితో అయ్యేది కాదు.
నేను వెల్లకిలా. నా మడమ ఆమె భుజం మీద.
మెల్లగా నా కాలుని నా మీదికే వంచుతుంది,
లాగుడు మొదలైన చోట ఆగుతుంది.
"తోయి."
ఆరు అంకెలు తోస్తాను.
పదకొండేళ్ళకి దొరికిన అవకాశం,
బాగానే తోశాను.
"వదులు."
"వదిలాను."
"లేదు. నా భుజానికి తెలుస్తోంది."

మూడో వారానికి స్కేలు నోరు విప్పింది.
మేము ఏడు గెలిచాం. పట్టి ఉంచినవాళ్ళు మూడు.
ఊపినవాళ్ళు ఒకటి, అదీ మార్యున్ దయ.
గర్వపడ్డాం, ఎవరి మూల వాళ్ళం.

ఆరో వారానికి ఆ ముప్పై అంకెలవాళ్ళు
చడీ చప్పుడూ లేకుండా మా పక్కకొచ్చి కూర్చున్నారు.
ఒక గోరు వెడల్పు తేడా. దాన్ని తేడా అనరు.
ఊపినవాళ్ళు స్కేలు మీద ఓడారు గానీ
చలి నీళ్ళలో మొదటి ఇరవై తెడ్లూ వాళ్ళవే చురుకు.

మార్యున్ నోటుబుక్కు మూసింది.
"పడవెక్కే ముందు ఊపండి. దిగాక పట్టి ఉంచండి.
మూడోది మీ ఇష్టం, మనిషి దొరికితే."

ఇంట్లో పాదానికి తువ్వాలు వేసి లాగి చూశాను.
పని జరుగుతుంది.
వదిలావా అని మాత్రం తువ్వాలు అడగదు.

ఆదివారం కంచె దగ్గర కనపడింది.
ఆమె గొర్రెలు మూడు మళ్ళీ నా గడ్డిలోనే.
కుడి భుజం రుద్దుకుంటూ
"నీ ఎడమ కాలు ఇంకా బిగువే" అంది.
గొర్రెల ఊసు తను ఎత్తలేదు.
నేనూ.