మూరెడు

గొల్లపల్లిలో వీణకి పనికిరాని ముక్క అడిగాను.
అప్పలాచారి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి
"ఏటికమ్మా?" అన్నాడు.
చపాతీ కర్రకని అబద్ధం చెప్పాను.
నమ్మలేదు. అయినా కుండ తొలవగా మిగిలిన చెక్క
బొటనవేలంత లావున చీల్చి ఇచ్చాడు.
"దీని అన్న పాట పాడతాది.
ఇదేటి సేస్తాదో నువ్వే సూసుకో."

మోచేతి మడత నుంచి నడిమి వేలి కొస దాకా
ఉండాలని రాసుంది.
నవ్వొచ్చింది.
బొబ్బిలి బజార్లో కనకాంబరాలమ్మే గుంటకి తెలిసిన కొలతే,
మూరెడు.
ఎవరి మూర వాళ్ళది.
నాది మాత్రం మా మామ్మ చెయ్యేనంటారు చూసినవాళ్ళు.

చెట్టుని అడిగి కొయ్యాలట కొమ్మని.
చెట్టు ఎప్పుడో లారీ ఎక్కేసింది.
అందుకని ముక్కనే అడిగాను,
దోసెడు వేగావతి నీళ్ళు చల్లి, పక్కన బెల్లం పెట్టి.
చీమలొచ్చి ఒప్పుకున్నాయి.

మూడు రాత్రులు గాజుపెంకుతో గీకాను.
ఒళ్ళో పసుపు పొట్టు.
నువ్వులనూనె రాస్తే రంగు కొంచెం తేనెకి తిరిగింది.
ఒక చోట ముడి ఉంది, దాని జోలికి పోలేదు.
పట్టుకుంటే బొటనవేలు అక్కడే ఆగుతోంది.

సీమదేశాల్లో ఆడవాళ్ళు
ఇలాంటిది పట్టుకుని పున్నమినాడు గిరి గీసుకుంటారట.
మంత్రగత్తె అన్న తిట్టుని
తీసి తామే పేరుగా పెట్టుకున్నారట.
అది చదివిన రాత్రి నిద్ర పట్టలేదు.
ఆ తిట్టుకి మా వైపు ఇంకో మాట ఉంది.
చిల్లంగి.

మా మామ్మ దాలమ్మకి మంత్రదండం లేదు.
చీపురుంది, కవ్వముంది,
మేకలు తోలే వెదురు బెత్తముంది.
కోరాడోరి పిల్లడు ఒణికి ఒణికి
మూడో నాటికి పోయాడు.
ముందు వారం వాడి బుగ్గ గిల్లి
"బంగారం" అందట ఈవిడ.
ఒక వేలు లేచింది.
తర్వాత వీధంతా వేళ్ళే.
మంత్రం పలక్కూడదని
ముందు పళ్ళు నాలుగూ రాయితో రాలగొట్టారు.

పలకలేకపోయింది మంత్రం కాదు, నా పేరు.
"దమయంతీ" అనబోతే
మొదటి అక్షరం గాలైపోయేది.
"అమయంతీ" అని గుమ్మంలోంచి పిలిస్తే
పరిగెత్తేదాన్ని.
బళ్ళో రిజిస్టరు పిలిచే పేరు
ఎవరిదో అనిపించేది.

ఇప్పుడు ఆసుపత్రి ల్యాబులో
గాజుపలక మీద నెత్తుటి చుక్క పరుస్తాను.
ఎర్రకణం లోపల ఊదారంగు ఉంగరం కనిపిస్తే
చీటీ రాసి సంతకం పెడతాను.
ఆ పిల్లణ్ణి తిన్నది ఆ ఉంగరమే అయి ఉంటుంది.
అయి ఉంటుంది, అంతే.
ఆ చుక్క ఎవరూ తియ్యలేదు కదా.

పున్నమికి డాబా ఎక్కాను.
తూర్పు గాలిది, దక్షిణం నిప్పుది అని రాసుంది.
నా తూర్పున రైలు కూత,
దక్షిణాన జూట్ మిల్లు దీపాలు,
పడమట ఏరు, ఉత్తరాన పార్వతీపురం వైపు కొండలు.
కర్ర చాచి నెమ్మదిగా తిరిగాను.
ఇంకో నాలుగడుగుల్లో గిరి కలుస్తుందనగా
ఎదురు డాబా మీద బట్టలు తీస్తున్నావిడ
నన్ను చూసింది.

మోచెయ్యి బిగుసుకుపోయింది.
నాలిక తనంతట తానే వెళ్ళి
పళ్ళని ఒక్కొక్కటే తడుముకుంది.

"ఏటి దమయంతీ, గబ్బిలాలా?"
"కాదక్కా."
అంతకంటే ఏం చెప్పాలో తెలీలేదు.
ఆవిడ క్లిప్పు పంట కరుచుకుని
కాసేపు చూసి,
ఆఖరి దుప్పటి లాక్కుని దిగిపోయింది.

రేపు ఆ ఇంట్లో ఎవరికీ జ్వరం రాకూడదు.
కర్రతో కోరిన మొదటి కోరిక ఇదయింది.
అటు చూపించి కోరలేదు.
కొసని నా గుండె వైపు తిప్పి,
"ద" వదిలేసి
నా పేరు చెప్పుకుని కోరాను.