ఎవురిదో నిక్కరు

బడికి సెలవులొచ్చే నెలే
మాకు సీజను.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర
ట్రాక్టర్లు మైలు పొడుగున నిలబడతాయి.
ఎనిమిదికి లోపలికి పోతే
సాయంత్రం నా చేతుల్లో ఉండదు.
ఆరేళ్ళ యుగంధర్‌ని
యాడ పెట్టాలో చెప్పేవాళ్ళు లేరు.

మొదట చేర్పించింది గ్రీమ్స్‌పేటలో.
రంగురంగుల కరపత్రం, ఏసీ గది,
కరాటే, అబాకస్, వెస్టర్న్ డాన్సు.
రెండు వేల ఐదొందలు ముందే కట్టించుకున్నారు.
మూడో రోజు వాడి బ్యాగులో
ముడేసిన ప్లాస్టిక్ కవరు,
కవర్లో తడిసిన నిక్కరు,
కవరు మీద స్కెచ్ పెన్నుతో
అందరికీ కనపడేట్టు వాడి పేరు.
స్కూటీ వెనక కూర్చోని
దర్గా సర్కిల్ దాటిందాకా పలకలా.
దాటినాక ఒక్క మాట అడిగినాడు:
"అమ్మా, నా పేరు మార్చుకోవచ్చునా?"

రెండోది మిట్టూరు మున్సిపల్ బడి.
కరపత్రం లేదు. నల్లబల్ల మీద సుద్దతో
"వేసవి శిబిరం, పొద్దున తొమ్మిది నుంచి" అని ఉండాది,
నుంచి తర్వాత ఏమీ లేదు.
ఫ్యాన్లు మూడుంటే తిరిగేది రెండు.
పాటలు చెప్పే సారు వారానికి రెండ్రోజులు వస్తాడు.
రాని రోజుల్లో రెడ్డెమ్మ ఉంటుంది.
వచ్చిన రోజుల్లో కూడా రెడ్డెమ్మే ఉంటుంది.

నిజం చెప్తా, నాకు నచ్చలా.
గోడకు పెచ్చులు. నీళ్ళ డ్రమ్ముకు మూత బదులు పళ్ళెం.
రెడ్డెమ్మ "ఒరే కోతిమూకా" అంటే
రోడ్డు మీద ఆటోవాడు బ్రేకేస్తాడు.
ఇంకో నిక్కరు బ్యాగులో పెడితే
వాడు తీసి మంచం కింద దాచినాడు.
నేను చూడనట్టే ఉండినా.

వారం గడిచింది.
మోకాళ్ళకు మట్టి, జేబులో చింతగింజలు,
ఒంటి మీద వేరే నిక్కరు.
ఊదా రంగు, నడుముకు పెద్దది,
బొందు బదులు చీర అంచు చించి కట్టింది.
నేను అడగలా. వాడు చెప్పలా.
వాడిది మడత పెట్టి
పలక కింద ఉండాది,
ఎండ వాసన, సబ్బు వాసన.
యాడా పేరు లేదు.

ఆదివారం ఆ ఊదాదాన్ని ఉతికి, ఇస్త్రీ చేసి,
సోమవారం పట్టుకోని పోయినా.
రెడ్డెమ్మ వరండా మెట్టు మీద
ఒక పాప తలలో పేలు చూస్తా ఉండాది.
పక్కన నలుగురు చెనక్కాయలు ఒలస్తా,
లెక్క తప్పినోడికి ఒకటి ఎక్కువ.
"అక్కా, నీ నిక్కరు" అన్నా.
"ఏ నిక్కరు మే?"
"అదే, మావాడికి..."
"నాకేం గుర్తులేదు, పో" అనింది.
చెయ్యి మాత్రం చాపి తీసుకోని
పాప జడలోకే చూస్తా
ఒళ్ళో దాచిపెట్టుకునింది.

పోతా పోతా బడి వెనక్కి చూసినా.
తీగ మీద ఆరో ఏడో ఆరతా ఉండాయి,
ఎవురివి ఏవో తెలీకుండా.

తోతాపురి దిగినాక షిఫ్టు సాగింది.
ఒకనాడు కరెంటు పోయి, మిషను ఆగి,
నేను బయటపడేసరికి ఎనిమిది దాటింది.
దావంతా పిల్లోడి మొహమే.
గేటు తెరిచే ఉండాది.
మెట్టు మీద వాడు నిద్రపోతా ఉండాడు.
దోమ దూరకుండా
రెడ్డెమ్మ అరచెయ్యి వాడి చెవి మీద.
ఏం చెప్పాలో తెలీక
లోడు ఆలస్యమైందంటా ఏదో మొదలుపెట్టినా.
"మెల్లిగా మాట్లాడు" అనింది.
పలమనేరు బస్సు పోయింటుంది ఆమెకు.
అది నాకు ఫ్యాక్టరీలో ఎవురో చెప్పినాకే తెలిసింది.

చివరి రోజు ఆఫీసు వాళ్ళు వచ్చి
తలా ఒక కాయితం ఇచ్చినారు.
సంరక్షణ నాణ్యత, మీ అభిప్రాయం:
బాగుంది, పర్వాలేదు, బాగాలేదు.
మామిడి సొనకు నల్లబడిన వేళ్ళతో
పెన్ను పట్టుకోని శానాసేపు నిలబడినా.
వెనక క్యూలో ఎవురో గొణిగినారు.
మూడు గడుల్లో దేంట్లోనూ ఆమె పట్టలా.
కింద ఖాళీ జాగాలో రాసినా:
"నిక్కరు తిరిగి ఇచ్చేసినాను."
బిడ్డ పేరు రాయమన్నారు.
రాయలా.