గాలి తియ్యి

ఆటోనగర్ మూడో అడ్డరోడ్డులో
ముప్పై ఏళ్లుగా బేరింగులు అమ్ముతున్నాను.
నా చేతి గ్రీజు సిలిగురి చూసింది, గౌహతి చూసింది,
మోరే దగ్గర సరిహద్దు గేటు పక్కన ఒక రాత్రి పడుకుంది.
నేను సూర్యాపేట దాటింది రెండుసార్లు.
రెండూ దినాలకే.

అందుకని బండి కావాలనుకున్నాను,
రోడ్డు అయిపోయినా ఆగనిది.
మనసులో ఒక ఊరి పేరు ఉంది, ఎవరికీ చెప్పలేదు.
ఆ గేటు దాటితే నేపాలు.

పాత బాకీల పుస్తకం వెనక అట్ట మీద
మూడు బళ్ల పేర్లు రాసుకున్నాను.
మొదటిదానికి కంప్యూటరు ఉంది.
"కొండ మీద అది అలిగితే ఎవరి కాళ్లు పట్టుకుంటావు?"
అన్నాడు ఖాసింపీరా. కొట్టేశాను.
రెండోది అందంగా ఉంది. అదే దాని జబ్బు.
మూడోది జపానుది, నాకంటే రెండేళ్లు పెద్ద,
వరస కలిపితే అక్క.
కమాను కట్టలు, సుత్తికి లొంగే ఇనుము,
విరిగినా మన లేతు మీద మళ్లీ మొలిపించగల పళ్లు.
ఖాసింపీరా ఫోటోని పెద్దది చేసి చేసి
ఛాసిస్ తుప్పు దగ్గర ఆగాడు.
ఎక్స్‌రే పట్టుకున్న డాక్టరులా కాసేపు చూసి
"బతుకుద్ది" అన్నాడు.

కంకిపాడు స్థలం అమ్మాను.
"స్థలం ఎటూ కదలదు, సరే.
నువ్వు కదులుతావా?" అంది సుభాషిణి,
సంతకం చేసి పెన్నుకి మూత పెడుతూ.

ఓడ ఇరవై మూడు రోజుల్లో వచ్చింది.
చెన్నై రేవు నుంచి బెజవాడకి ఐదు నెలలు పట్టింది.
క్లియరింగ్ ఏజెంటు వైద్యలింగం
రోజుకో కాయితం పేరు కనిపెట్టేవాడు.
బండి పుట్టిన తేదీకి రుజువు కావాలన్నారు.
నా పుట్టిన తేదీకే రుజువు లేదు,
బడిలో మేష్టారు వేసుకున్నది జూన్ ఒకటి.
సుంకం బండి ధరని మింగి
ఇంకా ఆకలిగా నా వైపు చూసింది.
డెమరేజీకి ఆదివారం లేదు,
నిద్రలో కూడా పెరుగుతుంది, గోరులాగా.

చివరికి వచ్చింది, టార్పాలిన్ కప్పుకుని, లారీ మీద.
తలుపు లోపలి అంచున చిన్న చీటీ, జపాను అక్షరాలు.
మాకు తెలిసినవి అంకెలే: కిలోమీటర్లు, ఒక తేదీ.
"ఆయిలు మార్చిన చీటీ," అన్నాడు ఖాసింపీరా,
"ఏ దేశం మేస్త్రీ అయినా అక్కడే అంటిస్తాడు."
దాని పక్కనే తనదీ ఒకటి అంటించాడు.

వైశాఖం. కృష్ణలో నీళ్లు తక్కువ, ఇసుక ఎక్కువ.
యనమలకుదురు దగ్గర ఏట్లోకి దించాను.
హబ్బులు లాక్ చేశాం. చిన్న గేరు వేశాను.
నాలుగు చక్రాలూ ఒక్కమాట మీద తిరిగాయి,
నాలుగూ ఒక్కమాట మీద దిగబడ్డాయి.

ఇసుక ట్రాక్టరు నాగూరు అక్కడే ఉన్నాడు,
పుచ్చకాయ ముక్క కొరుకుతూ.
"ఎంత పెట్టి కొన్నారు?"
చెప్పలేదు.
గింజ ఊసి, "గాలి తియ్యండి" అన్నాడు.

నా గాలి తీసినవాళ్లు ఈ ఊళ్లో తక్కువేం కాదు:
బావమరది, బ్యాంకు మేనేజరు,
ఆకుపచ్చ కళ్లద్దాల పార్టీ ఒకడు, పదేళ్లుగా బాకీ.
నా చేతే తీయించినవాడు మాత్రం వీడొక్కడే.
అగ్గిపుల్లతో వాల్వు నొక్కాను.
ఓడెక్కి వచ్చిన ఆ జపాను గాలి
బుస్సుమంటూ కృష్ణ మీది గాలిలో కలిసింది.
టైరు పొట్ట జార్చింది, వెడల్పయింది,
ఇసుకని తవ్వడం మానేసి
దాని మీద పడుకోవడం నేర్చుకుంది.
కదిలింది.

గట్టెక్కి, మెత్తటి కాళ్లతో కుంటుకుంటూ
పంచరు షాపు దాకా వచ్చాం.
కుర్రాడు గొట్టం పట్టుకుని వంగాడు.
"ఎంత కొట్టమంటారు బాబాయ్?"
ముప్పై ఏళ్ల షాపు నాది. నోరు పెగల్లేదు.
"ఎక్కడిదాకా వెళ్తారో చెప్పండి, దాన్నిబట్టి కొడతా."
ఖాసింపీరా కాలవ వైపు చూస్తున్నాడు.
"రక్సౌల్" అన్నాను.
పైకి అనడం అదే మొదటిసారి.
కుర్రాడు ఆలోచించాడు.
"అది కానూరు దాటాకేనా?"

అవును నాయనా,
కానూరు దాటాకే.