జలగడుగు

నారాయణపేట సరాఫు బజార్ల
పొద్దుగాల మొదటి చప్పుడు
మా తాత శేకప్ప కుంచెది.
కంసాలి అరుగుల కింద రాలిన దుమ్మును
దుమ్మనకపోయేటోడు.
బాకీ అనేటోడు.

ఏడాదికింత అని గుత్త.
కొయ్య మరిగెల పోసి, నీళ్లు తిప్పి తిప్పి
పాదరసం చుక్క విడిస్తే
కండ్లు తెరువని కుక్కపిల్ల లెక్క
మూతితోని ఎతుక్కుంట పోయి
బంగారాన్ని పట్టేది.
నాకప్పుడు ఆరేండ్లు.
ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొడ్తనన్నడు.

మరిగె అడుగున బంగారమొక్కటే ఉండకపోయేది.
బస్రా ముత్యం పెంకు,
సాలెగల్లీ నుంచి ఎగిరొచ్చిన పట్టుపోగు,
చెలామణి ఎన్నడో వోయిన
హాలీ సిక్కా పొడి,
ఒకపారి ఎవ్వరి పోరనిదో పాలపన్ను.
“ఇది ఏ బాసల ఏడ్చిందో” అనుకుంట
తాత దాన్ని అంగీ జేబుల ఏసుకున్నడు.

అవ్వ హంపమ్మ
కన్నడంల లెక్కవెట్టేది, తెలుగుల తిట్టేది.
గాజుల ఇమాంబీతోని బేరం ఉర్దూల.
పక్కింటి అంబూబాయితోని కూసుంటే
ఊరందరి చాడీలు మరాఠీల.
జరమొచ్చి కలవరిస్తే మాత్రం
అది ఏ బాసనో
మేమెవ్వరం పట్టలేకపోతిమి.

జనాభా లెక్కల సారొచ్చి
కాగితం పరిచి, మాతృభాష ఏందమ్మా అంటే
జొన్నలు చెరుగుడు ఆపకుంటనే
“ఏ పొద్దుకు నాయినా?” అన్నది.
ఆయన పెన్ను మూత తీసి, పెట్టి, తీసి
ఏదో ఒకటి రాసుకవోయిండు.

నేను పుట్టకముందటి ముచ్చట.
రాయచూరు మా సంతనే ఉండెనట.
నవంబర్ మొదటి తారీఖు
తెల్లారి లేస్తే పరాయి రాష్ట్రం.
తాత ఆనాడు గూడ ఊడ్చిండట.
అటుదిక్కు ఎడ్ల గిట్టల మన్ను,
ఇటుదిక్కు ఎడ్ల గిట్టల మన్ను
మరిగెల ఒక్క తీరుగనే మునిగిందని
అవ్వ ఎన్నిసార్లు చెప్పిందో.
ప్రతిసారి నవ్వేది. ఎందుకో తెల్వకపోయేది.

ఇప్పుడు నేను
బార్డర్ చెక్‌పోస్టుకాడ కట్టె ఎత్తుత, దించుత.
ఏడికెల్లి వస్తున్నవని అడగమన్నరు, అడుగుత.
లారీ మీదికెల్లి ఒకడు
ఒక్క మాటల మూడు బాసలు కలిపి జవాబిస్తడు.
నా రిజిస్టర్ల గడి ఒక్కటే.
రాస్త.

రాత్రి గడప కాడ
చెప్పులు దులుపుదమని వంగుతనా,
ఒక్క గడియ
చెయ్యి ఆగుతది.