ఎవరిదీ నొప్పి

కనిగిరి పక్క మా ఊళ్ళో
నడుం నొప్పి లేనోళ్ళు లేరు.
బోరు నీళ్ళు తాగి తాగి
నలభై దాటకముందే మెడలు బిగుసుకుపోతాయి.
పక్కనుంచి ఎవరైనా పిలిస్తే
మనిషి మొత్తం తిరిగి చూస్తాం,
తలుపు తిరిగినట్టు.

అట్టాంటి ఊళ్ళో
నా ఒక్కదానికే
నొప్పంటే అనుమానం.

రొమ్ము తీసేసి నాలుగేళ్ళు.
కరెంటు పెట్టారు. ఊడిన జుట్టు
ఈసారి ఉంగరాలు తిరిగి వచ్చింది.
పొగాకు గ్రేడింగుకి మళ్ళీ పోతన్నా.
ఎడం చెయ్యి బేళ్ళు మొయ్యదు,
ఆకు మాత్రం ఏరుద్ది.

మొదట్లో నేనే అడిగా,
ఏడాదికోసారి ఎముకల స్కానింగు తీద్దురూ, సారూ అని.
"నొప్పి లేకుండా తీస్తే
భయం తప్ప దొరికేదేం లేదు, మాలకొండమ్మా.
ముందే చూసినందువల్ల ఆయుష్షు పెరగదు.
ఒకే చోట, నిద్రలేపే నొప్పి,
రెండు వారాలైనా పోకుండా కూర్చుంటే
అప్పుడు రా."

అప్పట్నుంచీ
నా ఒంటికి నేనే వాచ్‌మన్ని.
మోకాలు కలుక్కుమంటే, ఇది ఊరిది.
మెడ పట్టేస్తే, ఇది నీళ్ళది.
ఈ మాఘంలో, కుడి పక్కటెముక మీద
రూపాయి బిళ్ళంత చోట
ఒకటి వచ్చింది.
తెల్లారి మూడింటికి లేపుద్ది,
సరిగ్గా పాలవ్యాను టయానికి.
ఇరవై రోజులు ఎవరికీ చెప్పలా.
మస్తాన్‌బీ మాత్రం
ఆకు ఏరతా ఏరతా నా మొహం చూసి
"ఏందమ్మే, ఎవరిదీ నొప్పి?" అంది.

నెల్లూరు. చేతికి సూది.
"మూడు గంటలు ఆగు. నీళ్ళు బాగా తాగు."
నవ్వొచ్చింది.
ఇన్నేళ్ళూ ఎముకల్ని తిన్నయ్యి నీళ్ళే,
ఇయ్యాల వాటిని చూపించేదీ నీళ్ళేనంట.

మా రవణకి ఆరో నెల.
"ఈ పూటకి ఆమె దగ్గరకు పోబాకమ్మా" అన్నారు.
వరండా ఆ చివర అది, ఈ చివర నేను,
మధ్యలో ఎనిమిది కుర్చీలు.
తిన్నావా, అని సైగ చేసింది.
నువ్వు తిను, అన్నా,
రెండు వేళ్ళు చూపించి.

బల్లమీద కదలకుండా పడుకున్నా.
మొహం మీదికి జానెడు దూరం దాకా
పలకొకటి దిగి ఆగింది.
చేత్తో తడిమి ఏ ఆకు ఏ రకమో చెప్పేదాన్ని.
ఇప్పుడు నన్నెవరో గ్రేడు చేస్తన్నారు,
తాకకుండా.

బొమ్మ చూపించారు.
మా ఆయన చీమకుర్తి క్వారీలో చేసేటప్పుడు
ఓ ముక్క తెచ్చాడు.
నల్లరాయి, లోపలంతా బంగారు చుక్కలు.
తలుపుకి అడ్డం పెట్టేవాళ్ళం.
అచ్చం అట్టా ఉన్నా నేను.
వెన్నంతా మెరుపు. మోకాళ్ళు మెరుపు.
నోరు ఎండిపోయింది.

డాక్టరమ్మ వేలు పెట్టి చెప్పింది.
"ఇది వయసు. ఇవన్నీ మీ ఊరి నీళ్ళు.
ఇక్కడ ఎప్పుడన్నా పడ్డావా?"
పడ్డా. పెళ్ళికి ముందు, బ్యారన్ నిచ్చెన మీదనుంచి.
కూలి పోద్దని ఎవరికీ చెప్పలా.
ఎముక దాచుకోలా.

"ఇదిగో, పక్కటెముక మీద ఈ ఒక్క చుక్క.
ఇదేందో నాకు తెలియదు.
ఇంకో పరీక్ష చేద్దాం, సోమవారం."
తెలియదు అనే మాట
అంత మెత్తగా ఏ డాక్టరూ అనలా నాతో.

బస్సులో అది ముందు సీట్లో, నేను వెనక.
మూడింటికి నొప్పి లేచింది. నేనూ లేచా.
సోమవారానికి ఇంకా మూడు రోజులు.
బోరు నీళ్ళ బిందె నా మంచం పక్కకి జరిపి,
ఇరవై రూపాయల టిన్ను
రవణ పడుకున్న గదివైపు
కాలితో నెట్టా.