లెక్క పెట్టినవాడు

గ్దీనియా రేవులో చేపల డబ్బాల ఫ్యాక్టరీ మూతపడి
పన్నెండేళ్లు.
మా స్టూడియో గోడల్లోంచి ఇంకా హెర్రింగ్ వాసన పోలేదు.
అద్దె తక్కువ.
మైకు ముందు నోరు తెరిస్తే
ముందు ఆ వాసన లోపలికొస్తుంది,
తర్వాతే పాట బయటికి.

ఐదుగురం ఉండేవాళ్లం.
ఇప్పుడూ ఐదుగురమే.
పోస్టరు మీద తలకాయల లెక్క సరిపోయింది గనక
ఏమీ మారలేదనుకునేవాళ్లున్నారు.

బొగుష్ గొంతు ఇప్పుడు బెర్గెన్‌లో
ఓడల పొట్టలకి రంగులేసేవాళ్ల మీద అరుస్తోంది.
మిరెలా తనంతట తాను వెళ్లలేదు, మేమే పొమ్మన్నాం.
ఇంటర్వ్యూల్లో ఈ వాక్యాన్ని ఇంకోలా చెబుతాం.
విటోల్డ్ మాత్రం ఎంతో దూరం పోలేదు.
డ్రమ్స్ అమ్మేసి ట్రాలీబస్సు నడుపుతున్నాడు.
మా వీధి మలుపులో తీగ మీంచి కడ్డీ జారినప్పుడల్లా
దిగి, మందపాటి గ్లవ్స్ తొడుక్కుని,
తల వెనక్కి వాల్చి
ఆకాశానికి మళ్లీ బస్సుని తగిలిస్తాడు.
కిటికీలోంచి చూస్తాను.
చెయ్యి ఊపను.

నాది బేస్ గిటారు.
పదిహేడేళ్లు నా వేళ్లు అతని కుడికాలి మాట విన్నాయి.
నా మాట అందులో సగం విన్నా
ఈ ఇల్లు ఇంకోలా ఉండేదని
వాండా అంటుంది.

కార్పెట్ మీద నీలం టేపు ముక్కలు,
విటోల్డ్ స్టూలు కాళ్లుండే చోట్లు.
కొత్త కుర్రాడు త్సెజరి తాటిచెట్టంత పొడుగు.
వారం రోజులు
మోకాళ్లు గడ్డానికి తగులుతున్నా
ఆ గుర్తుల మీదే కూర్చుని వాయించాడు.
ఎవరం ఏమీ అనలేదు.
ఎనిమిదో రోజు యగోదా,
మాతో పాడటం మొదలెట్టి నెలైనా కాని పిల్ల,
గోళ్లతో టేపు గీరి ఉండ చేసి
నా టీ కప్పులో పడేసింది.

ఎనిమిది పాటలు గట్టెక్కాయి.
తొమ్మిదోది మొండికేసింది.
ఇరవై రెండు సార్లు వాయించాడు త్సెజరి,
మెట్రోనోమ్ గీసిన గీత దాటకుండా.
తప్పు లేదు.
ప్రాణమూ లేదు.
అన్ని పళ్లూ ఉన్న పుర్రెలా ఉంది పాట.

ఇంజనీరు ఎడిటా నాలుగేళ్ల కిందటి డెమో తవ్వి తీసింది.
స్పీకర్లలో ముందు కుర్చీ కిర్రుమంది,
తర్వాత అతను:
రాస్, ద్వా, త్షి…
ముక్కు ఎగబీల్చిన చప్పుడు,
చ్‌తెరి.

ఆ నాలుగు వెంట్రుకవాసి ఆలస్యంగా వచ్చింది.
పాటంతా
ఆ వెంట్రుక మీదే నిలబడి ఉండేదని
అప్పుడు తెలిసింది.

గదిలో ఎవరం త్సెజరి వైపు చూడలేదు.
"ఆయన్నే లెక్క పెట్టనివ్వండి" అన్నాడు వాడు,
కర్రలు తొడకి తుడుచుకుంటూ.
ఒక్క టేకు.
యగోదా కళ్లు మూసుకుని పాడింది.
మొదటిసారి నా వేళ్లు
కొత్త కాలు మాట విన్నాయి.

ఇప్పుడు ఆల్బమ్ అట్ట మీద అతని పేరు ఎక్కడ వెయ్యాలి?
నాలుగు అంకెలు చదివితే వాద్యకారుడా అని రాదెక్.
బాకీలేవీ లేవని సంతకం పెట్టించుకున్నాంగా అని మళ్లీ రాదెకే.
మూడు గంటలు.
పిజ్జా చల్లారింది.

ఆ సాయంత్రం ట్రాలీబస్సు ఎక్కాను.
మలుపులో కడ్డీ జారింది.
అతనితోపాటు దిగి, అడక్కుండానే, టార్చి పట్టుకున్నాను.
చినుకులు, తీగ మీద నీలం మెరుపు.
చెప్పాను అంతా: అంకెలు, ఆలస్యం,
ఆ చిన్న ఊపిరిలో మేం ఎలా బతికిపోయామో.

గ్లవ్స్ తీస్తూ నవ్వాడు.
"ఆ రోజు నాకు జలుబు."

తలుపులు మూసుకున్నాయి.
బస్సు మూడు నిమిషాలు లేటు.
వెనక సీట్లో ముసలావిడ గడియారం చూసుకుంది,
నేను బయటి తీగని.
అతను అద్దంలోంచి అడిగాడు,
"కుర్రాడు బాగా కొడతాడా?"